ముందుగాల నువ్వు తిను

మా మేనత్త పోయిందని బోధన్ నుంచి తమ్ముడు ఫోన్ చేస్తే, నేను మొదట అడిగిన మాట "నాడి సరిగ్గ సూసిండ్రా?" అని. ఇంకో డాక్టర్‌కు కూడా చూపించమన్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. అమ్మ లేని మమ్మల్ని పెంచింది ఆమే. ఆమె అనుమానం నాకు రాకుండా ఎక్కడికి పోతుంది?

అత్త దేన్నీ ఊరికే నమ్మేది కాదు. అంగట్లో పసుపు వాసన చూశాక, అమ్మేవాడి మొహం కూడా పరీక్షగా చూసేది. "పసుపు మరీ పచ్చగున్నా, మనిషి మరీ తియ్యగున్నా జర ఆగి సూడాలె బిడ్డా" అనేది. ఎవరేం పెట్టినా "ముందుగాల నువ్వు తిను" అనేది.

నేను డిగ్రీ చదివేటప్పుడు నెత్తుటి విరేచనాలు పట్టుకున్నాయి. తిన్నది ఒంటబట్టక పుల్లలా అయ్యాను. మా వైపు ఇలాంటి జబ్బు వస్తే, ఎవరో తిండిలో మందు పెట్టారంటారు. అత్త అనుమానం పక్కింటామె మీద పడింది. క్రిస్మస్‌కు ఆమె పంపిన బగారా అన్నం తిన్నాకే ఇదంతా మొదలైందట. వాకిట్లో నిలబడి అందరూ వినేటట్టు "నా బిడ్డకు ఏం పెట్టినవే?" అని అరిచింది. ఆమె మా గడప తొక్కడం మానేసింది. వాడలో ఎవరూ ఆమె ఇంటి తిండి ముట్టలేదు.

కోటగిరి దగ్గర మందు కక్కించే ఒకాయన ఉంటే నన్ను తీసుకుపోయింది. ఆయన పసరు ఇస్తే "ముందుగాల నువ్వు తాగు" అంది. ఆయన తాగనన్నాడు. అత్త నన్ను లేవదీసుకుని వచ్చేసింది. ఆ అనుమానానికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

చివరికి నిజామాబాద్‌లో పరీక్ష చేసి, అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. "మందు పెట్టింది ఎవలు?" అని అత్త డాక్టరమ్మను నిలదీసింది.

"ఎవ్వలు పెట్టలేదమ్మా. పేగుల్ల కాపలా కణాలుంటయి. చెడు క్రిములొస్తే తరుముడు వాటి పని. ఈమెకు గవి, ఎప్పటినుంచో ఆడనే బతికే మంచి క్రిములను గూడ దొంగలనుకుంటున్నయి. గా కొట్లాటల పేగే పుండైతున్నది."

"అయితే గా కణాలను తీసిపారెయ్యుండ్రి."

"తీసేస్తే నిజం దొంగలొచ్చిన్నాడు ఎవలు సూస్తరు? వాటిని జర సల్లబరచాలె, అంతే."

తిరుగు బస్సు జానకంపేట దాటాక అత్త మెల్లగా అంది: "గవి అచ్చం నా అసొంటియే గదనే."

మర్నాడు పక్కింటి వాకిట్లో నిలబడింది. తప్పయిందనడం ఆమెకు చేతకాదు. "బగారా అన్నం వండుతవా?" అంది. పక్కింటామె లోపలికి పోయింది. మాకు పళ్లెం తెచ్చేసరికి పొద్దెక్కింది. అత్త నోటికి అలవాటైన మాటే వచ్చింది, "ముందుగాల నువ్వు తిను" అని. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆమె ఒక ముద్ద తింది. అత్త అదే పళ్లెంలో చెయ్యి పెట్టి, ఆమె ఎంగిలే తింది. జన్మలో ఎవరి ఎంగిలీ ముట్టని మనిషి, వాడంతా చూస్తుండగా!

అప్పటి నుంచి వాళ్లిద్దరిదీ అదే వరస. మొదటి ముద్ద ఆమెది, రెండోది అత్తది. నా జబ్బు అప్పుడప్పుడూ తిరగబెట్టినా మందులతో సర్దుకుంటోంది. నేను ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ బిళ్లలను మాత్రం అత్త చివరిదాకా వాసన చూసే ఇచ్చింది.

చావింట్లో పొయ్యి వెలిగించరు కదా, మొన్న అన్నీ అయ్యాక పక్కింటామే అన్నం తెచ్చింది. పళ్లెంలో పెట్టి, అలవాటుగా ఒక ముద్ద తాను తిని, పళ్లెం అత్త కుర్చీ వైపు చాచింది. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

నేను పోయి ఆ పళ్లెం అందుకున్నాను. అత్తలాగే ఒకసారి వాసన చూసి, రెండో ముద్ద తిన్నాను.