పడుకోకుండా కొన్న పరుపు

ఎనిమిది వేలు చెప్పిన పరుపును మూడు వేలకు దించిన మనిషిని నేను. శంషాబాద్ చుట్టుపక్కల స్ప్రింగుల పరుపును ఇంతకన్నా చవకగా కొన్నవాళ్ళుంటే వచ్చి నాతో చెప్పమనండి. అదేమన్నా మామూలు పరుపా? విమానాలు దిగివచ్చిన దొరలు పడుకున్న హోటల్ పరుపు. మందం జానెడు పైమాటే. దాని మీద ఒక్క నిమిషమైనా నడుం వాల్చి చూడకుండా, నచ్చినట్టు మొహంలో ఎక్కడా తేలనీయకుండా కొన్నాను. కీళ్ళవాతం ఉన్న మనిషి చేయకూడని పని ఇంతకన్నా పెద్దది ఉందేమో, నాకైతే ఇంకా తట్టలేదు.

మాది దుకాణాల మధ్య పెరిగిన బతుకు. బెంగుళూరు రోడ్డు ఇంకా సన్నగా ఉన్న రోజుల్లో మా బాపుకు శంషాబాద్ బజార్లో కిరాణా కొట్టు ఉండేది. పక్కన చిన్నాయన బట్టల దుకాణం, ఎదురుగా మేనమామ గిన్నెల దుకాణం. అక్షరాలకన్నా ముందు నేను గిరాకీల మొహాలు చదవడం నేర్చుకున్నాను. చీరను ఒకసారి ముట్టుకున్నామె చూడ్డానికి వచ్చినట్టు. రెండోసారి ముట్టుకున్నామె కొన్నట్టే, ఇక ఆమెకు చిన్నాయన రూపాయి కూడా తగ్గించడు. "సామాను నచ్చిందని కండ్లు చెప్పినంక నోరు ఎంత మొత్తుకున్నా దండుగే బిడ్డా," అనేవాడు బాపు. ఆ చదువునే అత్తవారింటికి వెంట తెచ్చుకున్నాను. ఇప్పటికీ బండి మీది వంకాయలను, అవేవో మా ఇంటి పరువు తీసినట్టుగా చూస్తాను.

యాభై దాటాక కీళ్ళు పట్టుకున్నాయి. ముందు వేళ్ళు, తర్వాత భుజాలు, తుంట్లు. పొద్దున లేస్తే ఎండ గడప మీదికి వచ్చేదాకా పిడికిలి ముడుచుకునేది కాదు. దవాఖానలో డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, మా ఇంట్లో దూది పరుపు గడ్డలు కట్టిందని విని, మరీ మెత్తనిదీ మరీ గట్టిదీ కాకుండా ఒక మంచి పరుపు కొనుక్కోమంది. కొనేముందు దాని మీద కాసేపు పడుకుని, ఇటూ అటూ తిరిగి, మీ అంతట మీరు లేవగలుగుతున్నారో లేదో చూసుకోమని కూడా చెప్పిందట. చెప్పిందట అని ఎందుకంటున్నానంటే, ఆ ముక్క విన్నది మా ఆయన. నాకు పరుపు కొనాలన్న మాట వినబడగానే మనసు అక్కడే బేరానికి కూర్చుంది.

విమానాశ్రయం వచ్చాక మా రోడ్డు పొడవునా హోటళ్ళు లేచాయి. నాలుగైదేళ్ళకే వాటిలో కొన్ని సామాను మార్చడం మొదలుపెట్టాయి. తీసేసిన పరదాలు, దీపాలు, నిలువుటద్దాలు, పరుపులు తొండుపల్లి దగ్గర ఒక రేకుల షెడ్డుకు చేరేవి. షెడ్డాయన ఎనిమిది వేలన్నాడు. నేను పరుపు వంక చూడనే లేదు. పక్కనే ఆనించి ఉన్న అద్దంలో నా కుచ్చిళ్ళు సర్దుకుంటూ, దీని మీద ఎంతమంది పండుకున్నరో ఎవలికెరుక అన్నాను. అంచు నలిగిందన్నాను. సెంటు వాసన కొడుతోంది, మాది అగరొత్తుల ఇల్లు అన్నాను. ఇంత వెడల్పు పరుపు మా మంచాలకు ఎక్కడ పడుతుందన్నాను. ఒక్కో వంకకు ఒక్కో వెయ్యి రాలింది. రెండుసార్లు గేటు దాకా నడిచాను, రెండుసార్లూ వెనక్కి పిలిచాడు. చివరికి పాపం అతనే విసిగిపోయి ఒక మాటన్నాడు.

"అక్కా, ఒక్కసారి పండుకొని చూడు. నచ్చకుంటే పైసలియ్యకు."

మంచి మాటే. నాకు మాత్రం ఉచ్చులా వినిపించింది. పడుకుంటే సుఖంగా ఉంటుంది, ఆ సుఖం మొహం మీదికి వస్తుంది, మొహం మీదికి వచ్చిన సుఖానికి ధర పెరుగుతుంది. బెల్లం దిమ్మను చూసినట్టు బొటనవేలితో ఒక నొక్కు నొక్కి, మూడు వేలు చేతిలో పెట్టి, ట్రాలీ ఆటోలో పరుపు పక్కన పెళ్ళికూతురిలా కూర్చుని ఇంటికి వచ్చాను.

మా ఆయన అప్పటికి విమానాశ్రయం దగ్గర ఒక కార్గో గోదాములో రాత్రి కాపలాకు కుదిరాడు. రైస్ మిల్లులో ఇరవై ఏళ్ళు బస్తాలు మోసిన మనిషి. జీతంతో పాటు బూట్లు, మెడలో కార్డు, పీఎఫ్ ఇచ్చిన మొదటి కొలువు ఇదే. ఇంటికొచ్చి కూడా ఆ కార్డును గోడకు పటంలా తగిలించుకునేవాడు. పైన పోయే విమానం చప్పుడు విని అది సరుకులదో మనుషులదో చెప్పేవాడు. నిజమో కాదో నేనెప్పుడూ ఆరా తీయలేదు. రాత్రి తొమ్మిదికి పోతే పొద్దున ఎనిమిదికి వచ్చేవాడు.

కొత్త పరుపు మీద నిద్ర బాగానే పట్టింది. అసలు సంగతి తెల్లారాక తెలిసింది. నడుం ఉన్నచోట గుంట పడి, దోసెపిండి గిన్నెలో జారిపడ్డ గరిటెలా నేను అందులో ఉన్నాను. పక్కకు తిరగాలంటే మోచేయి ఆనించాలి, ఆనిస్తే మోచేయి కూడా లోపలికి పోతోంది. అరచేతితో అదుముదామంటే మణికట్టు ఒప్పుకోదు. ఎనిమిదింటికి మా ఆయన తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని వచ్చి, నన్ను చూసి, బూట్లు కూడా విప్పకుండా చంకల కింద చేతులు పెట్టి లేపాడు.

"కార్గోల పని ఒడిసిందనుకుంటే ఇంటికాడ ఇంకొక లోడు," అన్నాడు.

పరుపు కొత్తది, అలవాటు పడాలి అన్నాను. రోజూ అదే అన్నాను. వాడకట్టులో ఆడవాళ్ళు చూడ్డానికి వస్తే ఎనిమిదిని మూడు చేసిన కథ చెప్పి పంపేదాన్ని. ఎట్లా లేస్తున్నావని వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఒకరోజు పొద్దున నల్లా వచ్చింది. ముందు రోజే పైపును వంటింట్లో డ్రమ్ములో వేసి పెట్టుకున్నాను. డ్రమ్ము నిండటం వినబడింది, పొర్లటం వినబడింది, నీళ్ళు వంటింటి గడప దాటడం కూడా వినబడింది. నేను పరుపులోంచి బయటపడటానికి చేతనైనంత పెనుగులాడి, చివరికి పైకప్పును చూస్తూ వింటూ పడుకున్నాను. మా ఆయన వచ్చేసరికి బియ్యం బస్తా అడుగు తడిసింది. ఆయన నన్ను లేపి, నీళ్ళు తుడిచి, బియ్యం ఎండలో పోసి, చాయ్ పెట్టి తెచ్చాడు. తిడితే బాగుండేది, తిట్టుకు జవాబు నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది.

చాయ్ తాగాక అన్నాడు. "ఇగ నేను డ్యూటీ బంద్ చేస్త. ఒకటో తారీఖునాడు సూపర్‌వైజర్‌తోని చెప్త."

పగటి డ్యూటీ అడుగొచ్చు కదా అన్నాను. అప్పటికే అడిగాడట, ఖాళీ లేదట.

"నా కోసం కొలువు ఇడిసిపెడుతవా ఏంది?"

"నిన్ను లేపెటోళ్ళెవరు మరి?"

గోడకు వేలాడుతున్న కార్డు వంక చూస్తూ కూర్చున్నాను.

మొదట వాడకట్టు సలహా విన్నాను. కీళ్ళ నొప్పులకు గట్టిదే మందని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. ప్లైవుడ్ చెక్క కొని మంచం మీద పరిపించి, పైన పలచటి బొంత వేసుకున్నాను. దిగబడటం లేదన్న మాట నిజమే, కానీ నిద్ర పట్టిందే లేదు. పక్కకు తిరిగితే భుజం, వెల్లకిలా పడుకుంటే తుంట్లు, ఎటు పడుకున్నా చెక్క నా ఎముకలను ఒక్కొక్కటిగా పలకరించేది. నిద్ర లేక తెల్లారేసరికి కీళ్ళు ఇంకా బిగుసుకుపోయి, మళ్ళీ మా ఆయన చేతులే దిక్కయ్యాయి.

హోటల్ పరుపును తిరిగి ఇచ్చేద్దామని షెడ్డాయనను పిలిపించాను. వచ్చి చూశాడు. అంచు నలిగిందన్నాడు. ఇప్పుడు అగరొత్తుల వాసన కొడుతోందన్నాడు. ఇంత వెడల్పు పరుపు ఈ ఊళ్ళో ఎవరి మంచానికి పడుతుందన్నాడు. నేను మండిపడబోతుంటే, నేను సొంతంగా ఏం కల్పించలేదక్కా, అన్నీ నువ్వు చెప్పినయే అన్నాడు. ఐదు వందల నుంచి ఏడు వందలకు ఎక్కించేసరికి నా గొంతు ఎండిపోయింది. తన బండిలోనే వేసుకుపోయాడు, అదొక్కటి మేలు.

ఒకటో తారీఖు దగ్గర పడుతుండగా, మైలార్‌దేవ్‌పల్లి దాటాక కాటేదాన్‌లో మనిషిని చూసి పరుపు చేసి ఇచ్చేవాళ్ళున్నారని తెలిసింది. మా ఆయన సెలవు రోజు చూసుకుని ఇద్దరం బస్సెక్కాం. దారి పొడవునా నేను మొహం తయారు చేసుకున్నాను.

అదొక చిన్న కార్ఖానా. లోపల కుట్టు మిషన్లు నడుస్తున్నాయి, మైసూర్‌పాక్ కోసి పేర్చినట్టు ఫోం దిమ్మలు. ముందర బల్ల దగ్గర యజమాని భార్య పల్లీలు ఒలుచుకుంటూ కూర్చుంది. నేను పరుపుల వంక చూడకుండా, గిసొంటియి ఎంతకిస్తరు అన్నాను.

"ధర తర్వాత అక్కా. ముందు పండుకో."

పడుకునేది ఇంట్లో, ధర చెప్పమన్నాను. ఆమె ఇంకో పల్లీ ఒలిచింది. అయితే పోతున్న అన్నాను. పో అనలేదు, ఉండు అనలేదు. నేను గిర్రున తిరిగి గడప దాకా నడిచాను. మా బజార్లో గిరాకీని రెండో అడుగుకు పిలవాలి, మూడో అడుగుకు ధర తగ్గించాలి. ఇక్కడ గడప వచ్చేసింది, ఎవరూ పిలవలేదు. కనీసం మా ఆయనన్నా వెంట వస్తున్నాడేమోనని చూస్తే, ఆయన కుర్చీలో కూర్చుని ఆమె ఇచ్చిన పల్లీలు తింటున్నాడు. ఎవరూ పిలవకుండా వెనక్కి రావడం నా జన్మలో అదే మొదలు.

రోడ్డు మీద లారీలు పోతున్నాయి, తలుపు బార్లా తెరిచి ఉంది. చీర కాళ్ళ మీదికి లాక్కుని, చావు కబురు విన్నదాని మొహం పెట్టి పడుకున్నాను. మొదటి దాంట్లో దిగబడ్డాను. రెండోది చెక్కకు చెల్లెలు. మూడోది కింద గట్టి ఫోం, పైన రెండు వేళ్ళ మందం మెత్తటి పొర. ఆమె పక్కకు తిరగమంది. భుజం ఎంత దిగాలో అంత దిగి ఆగింది, తుంటి కూడా అంతే. నడుం కింద అరచేయి దూర్చి చూసి, సందు లేదని మా ఆయనకు చెప్పింది. కాసేపు అట్లనే ఉండమంది. ఉన్నాను. అంతలో కరెంటు పోయింది. అవి రోజూ కోతలున్న రోజులు. మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయి కార్ఖానా నిశ్శబ్దమైంది. బేరానికి కావలసిన వంకలు మనసులో పేర్చుకోవడం మొదలుపెట్టాను. మొదటి వంక, గుడ్డ రంగు బాగాలేదు. రెండో వంక దాకా నేను పోలేదు.

కళ్ళు తెరిచేసరికి ఆమె అట్టముక్కతో నాకు విసురుతోంది. పరాయి దుకాణంలో, నడి పగలు, తలుపు బార్లా తెరిచి ఉండగా నిద్రపోయానన్న సిగ్గుతో పక్కకు తిరిగి, కాళ్ళు కిందికి దించి, లేచి నిలబడి చెంగు సర్దుకున్నాను. సర్దుకున్నాక గానీ వాళ్ళిద్దరూ నన్నే చూస్తున్నారని గమనించలేదు. మా ఆయన చేతిలో పల్లీలు చేతిలోనే ఉన్నాయి.

"ఎవలు లేపిన్రే నిన్ను?" అన్నాడు మెల్లగా.

నేను నా కాళ్ళ వంక చూసుకున్నాను. ఎవరూ లేపలేదు.

"ఇగ ధర చెప్త అక్కా," అంది ఆమె. "తొమ్మిదిన్నర వేలు."

అలవాటు ఊరుకోదు కదా. ఆరు అని నోరు తెరిచాను.

"గురక పెట్టినంక బేరం లేదక్కా. కావాల్నంటే బావనడుగు, పెట్టినవో లేదో."

"గట్టిగనే పెట్టింది," అన్నాడు మా ఆయన, అడగకముందే. తర్వాత నవ్వాడు. వంటింట్లో నీళ్ళు పొర్లిన తర్వాత ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి. ఆ నవ్వును ఎదురుగా పెట్టుకుని బేరం ఆడటం నాకు చేతకాలేదు. అడిగినంతా ఇచ్చేశాను. ఆమె తల కింద పెట్టుకునే మెత్త ఒకటి ఊరికే ఇచ్చింది. అడగకుండా వచ్చిన సామాను ఎట్లా తీసుకోవాలో తెలియక కాసేపు దాన్ని పట్టుకుని నిలబడ్డాను.

ఇంటికి వచ్చాక, కూర్చుంటే పాదాలు నేల మీద సరిగ్గా ఆనేటట్టు వడ్రంగి పని చేసే వడ్లాయనతో మంచం కోళ్ళ కింద దిమ్మలు పెట్టించాం. ఆయన డ్యూటీకి పోయివచ్చిన పొద్దున ఎనిమిదింటికి తలుపు నేనే తీశాను. మా ఆయన చేతిలోని తాళంచెవి జేబులో వేసుకుని, చాయ్ అయిందా అని అడిగాడు. ఒకటో తారీఖున సూపర్‌వైజర్‌కు చెప్పవలసిన మాట చెప్పలేదు. మళ్ళీ రాత్రి తొమ్మిదికి కార్డు మెడలో వేసుకుని పోతున్నాడు.

ఇక లెక్క. కొట్టులో పుట్టినదాన్ని, తప్పు లెక్క చెప్పలేను. హోటల్ పరుపు మూడు వేలు, దాని ట్రాలీ ఆటో నాలుగు వందలు, ప్లైవుడ్ చెక్క పదకొండు వందలు. కాటేదాన్ పరుపు తొమ్మిదిన్నర వేలు, దాన్ని తెచ్చిన ఆటో ఐదు వందలు, వడ్లాయనకు మూడు వందలు. మొత్తం పద్నాలుగు వేల ఎనిమిది వందలు. షెడ్డాయన ఇచ్చిన ఏడు వందలు తీసేస్తే పద్నాలుగు వేల నూరు. తడిసిన బియ్యం పిండి పట్టించి తిన్నాం కాబట్టి అది వేయలేదు, బస్సు చార్జీలు వదిలేశాను. పరుపు వాతాన్ని తగ్గించలేదు. మాత్రలు నడుస్తూనే ఉన్నాయి, చలికాలం పొద్దుల్లో కొన్నిసార్లు మా ఆయన చేయి ఇప్పటికీ కావాలి. ఆ ఖర్చు ఎట్లాగూ ఉండేదే, పరుపు ఖాతాలో రాయను. మొదటి రోజే డాక్టరమ్మ మాట విని కాటేదాన్ పోయి ఉంటే పదివేల మూడు వందలతో పని అయిపోయేది. మిగిలిన మూడు వేల ఎనిమిది వందలు నా బేరం తెలివికి అయిన ఖర్చు.