ఇంటికో మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో ట్రంకు పెట్టె ఎప్పుడూ పూర్తిగా ఖాళీ అయ్యేది కాదు. మా నాన్నగారు బిషప్పుగారి కింద క్రైస్తవ సంఘ గురువు, ఊళ్ళవాళ్ళకు అయ్యగారు. బిషప్పుగారి కబురు వస్తే చాలు, ఉన్న ఊరు వదిలి బండి కట్టాల్సిందే. ఎలాగూ వెళ్ళిపోయేదేగా అని అమ్మ సగం సామాను పెట్టెలోనే ఉంచేది. బడి ఎక్కడా కుదరక నాకు చదువు కూడా ఆవిడే చెప్పింది, బైబిలు ముందు పెట్టుకుని.

కృష్ణ ఒడ్డు నుంచి తెలంగాణ పల్లెకు మారినప్పుడు నాకు ఎనిమిదేళ్ళుంటాయి. కొత్తవాళ్ళతో మాట్లాడటమంటే గ్రంథంలో ఉన్నట్టు మాట్లాడాలి కాబోలు అనుకున్నాను. బావి దగ్గర ఒక పిల్లను "నీవు ఎక్కడికి వెళ్లుచున్నావు?" అని అడిగాను. ఆ పిల్ల బిందె కింద పెట్టి మరీ నవ్వింది. మర్నాటి నుంచి నేను గుమ్మం దాటితే చాలు, "అగో, వెళ్లుచున్నావు వస్తున్నది" అని పిల్లలంతా ఒకటే గోల. బయటికి వెళ్ళడం మానేశాను. కిటికీకీ పెట్టెకీ మధ్య తిరుగుతూ, ఎప్పుడు వెళ్ళిపోతామని అమ్మ ప్రాణం తీసేదాన్ని. ఈ పిల్ల ఇక్కడ ఇమడదు, మిషన్ హాస్టల్లో వేసేద్దామని అమ్మ ఒకరోజు నాన్నగారితో అంది. అమ్మను వదిలి ఉండాలనేసరికి ఆ రాత్రంతా ఆవిడ కొంగు వదల్లేదు.

మా సంఘాల్లో ఆడవాళ్ళు వంటకు బియ్యం పోసేటప్పుడల్లా ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేసేవారు. వారానికోసారి పక్కింటి అక్క ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం మా చర్చి గుడికి తెచ్చేది. ఆ శనివారం నాన్నగారు నన్నూ ఆమె వెంట పంపారు.

"బియ్యం అక్క అడుగుతుంది. నువ్వు ఇంటికో మాట అడిగి తీసుకురా అమ్మా, నీకు తెలియని మాట" అన్నారు.

మొదటి ఇంట్లో ఒక అవ్వ మజ్జిగ చిలుకుతోంది. దాన్ని ఏమంటారని గొణిగాను. "సల్ల, బిడ్డా. మీ దిక్కు ఏమంటరు?" అంది. చెప్పాను. "మజ్జిగంట, మజ్జిగ" అని తనలో తాను నవ్వుకుని నాకో ముంతెడు పోసింది. ఆ పక్కింట్లో గోంగూర పుంటికూర అయింది. బావి దగ్గరి పిల్ల ఇంటికి చేరేసరికి నాకు కాస్త ధైర్యం వచ్చి, కొత్త మాట చెప్పమని గట్టిగానే అడిగాను. ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, ఏదైనా చాలా బాగుంటే 'బేకార్' అనాలని నేర్పింది.

మర్నాడు గుడిలో ఆరాధన అయ్యాక సంఘపెద్ద మా ఇంట్లో భోంచేస్తున్నారు. "నాన్నగారి ప్రసంగం బేకార్‌గా ఉంది" అన్నాను, గొప్పగా. పెద్దాయనకు పొలమారింది. పనికిమాలినదాన్ని అలా అంటారని నసుగుతూ చెప్పారు. నేను ఏడవబోతుంటే నాన్నగారు నవ్వడం మొదలుపెట్టారు. ఆ ఊరొచ్చాక ఆయన అంతగా నవ్వగా చూడలేదు.

"ఆ పిల్లతో చెప్పు, వచ్చే ఆదివారం ఇంకాస్త బాగా చెప్తానని" అన్నారు.

వెళ్ళి చెప్పాను. ఆ పిల్ల తలుపు చాటున దాక్కుంది. సాయంత్రం మాత్రం సగం జొన్నరొట్టె పట్టుకొచ్చి మా మెట్ల మీద కూర్చుంది. హాస్టల్ మాట అమ్మ మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు షార్జాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. అద్దె పెరిగినప్పుడల్లా ఇల్లు మారడమే, ఇది మూడోది. మొన్న సామాను దించుతుంటే వాచ్‌మన్ వచ్చి, "లిఫ్ట్ బేకార్, అమ్మా" అన్నాడు. అమ్మాయీ అల్లుడూ తల పట్టుకుంటే, నేను అట్టపెట్టె మీద కూర్చుని నవ్వు ఆపుకోలేకపోయాను. మనవరాలు మాత్రం ముఖం ముడుచుకుని, ఇక్కడ ఎన్నాళ్ళుంటాం అమ్మమ్మా అని అడుగుతూనే ఉంది. నాకూ తెలియదు, నా సూట్‌కేసూ సగమే విప్పాను. మజ్జిగ గ్లాసు ఒక చేత్తో, దాని చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని పక్క ఫ్లాటు తలుపు తట్టాను. దీన్ని మీరేమంటారని అడిగితే కేరళావిడ 'మోరు' అంది. ఆ పక్కనున్న అరబ్బావిడ 'లబన్' అంది. తిరిగొస్తూ మనవరాలు ఎదురు తలుపు వైపు చూసి, "వీళ్ళేమంటారో?" అంది. మనసులో ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను.

మా ట్రంకు పెట్టె ఏ ఊళ్ళో పోయిందో గుర్తులేదు. నాన్నగారు నేర్పిన ఆ అడగడం మాత్రం నాతో విమానమెక్కి వచ్చింది.