బాబాయిగారి నలభై ఏడు తప్పులు

ఏదైనా పుస్తకం పనికొస్తుందో లేదో తేల్చాలంటే, అది ఏ వస్తువు గురించి రాశారో ముందు ఆ వస్తువుని పాడుచెయ్యాలని మా బాబాయిగారి నమ్మకం. బాగున్న వస్తువు గురించి ఎవరైనా గొప్పగా రాస్తారు, పాడైనప్పుడు కదా పుస్తకం సత్తా తెలిసేది అనేవారు. అందుకని ఆయన చేతికి ఏ గైడు చిక్కినా, అట్ట తిప్పకముందే ఏదో ఒకటి విరిగేది, ఊడేది, కనీసం పొగైనా వచ్చేది. అప్పుడు కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని, చావుకబురు చెప్పేంత గంభీరంగా అనేవారు.

"పాడైంది. ఇక పుస్తకం ఏమంటుందో చూద్దాం."

ఆయన నాకు బాబాయి కాదు. మా నీటి సరఫరా ఆఫీసులో ఎవరికీ బాబాయి కాదు. ఉత్తరాల సెక్షనుకి హెడ్ క్లర్కు, అంతే. అయినా ఆయనకంటే రెండేళ్ళు పెద్దవాడైన వాచ్‌మన్ కూడా బాబాయిగారూ అనే పిలిచేవాడు. ఆయన ఎదురు బల్ల నాది. పదకొండేళ్ళు ఆ ముఖం చూస్తూ పనిచేశాను కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకుందనుకుంటాను. ఆయన్ని తప్పుగా అంచనా వేసినవాళ్ళలో మొదటివాణ్ణి కూడా నేనే.

ఒకసారి ఎవరో ఆయనకి ప్రథమ చికిత్స పుస్తకం ఒకటి బహుమతిగా ఇచ్చారు. ఆ ఆదివారం ఆయన ఇంట్లో మెట్ల కింద వెల్లకిలా పడుకుని, పుస్తకం భార్య చేతికిచ్చారు.

"మెట్ల మీంచి జారిపడ్డాను. స్పృహ లేదు. ఏం చెయ్యాలో చూడు."

"స్పృహ లేనివాళ్ళు ఇంత మాట్లాడతారా?" అంది పిన్నిగారు.

"నువ్వు వెతుకు ముందు."

ఆవిడ 'మెట్లు' అని వెతికింది. లేదు. 'జారిపడడం' అని వెతికింది. అదీ లేదు. 'మొగుడు' అని కూడా వెతికి చూశానని తర్వాత మా అందరికీ చెప్పింది. ఈలోపు ఆయన లేచి, టీ తాగి, మళ్ళీ వచ్చి అదే చోట పడుకున్నారు. చివరికి 'అపస్మారకం' అనే మాట కింద దొరికింది. అప్పుడాయన బట్టలు దులుపుకుని లేచి, పుస్తకం మొదటి పేజీలో తీర్పు రాశారు. "డాక్టర్లకి ఉపయోగమే. నేను మాత్రం పోయాను."

అలాంటి మనిషికి మా సూపరింటెండెంటుగారు కంప్యూటర్ గైడు అప్పగించారు. ఆ నేరం ఆయనదే.

పెద్దాఫీసు వాళ్ళు మా గదికి రెండు కంప్యూటర్లు పంపించారు. వాటితోపాటు, ఉత్తరాలు టైపు చేసే ప్రోగ్రాము గురించి ఆరువందల నలభై పేజీల గైడు ఒకటి వచ్చింది. దాని మీద ఉత్తర్వు ఉంది. గైడు పనికొస్తుందో లేదో ఆరు వారాల్లో అభిప్రాయం రాయాలి. ఆ తర్వాత టైపిస్టులకి పరీక్ష. గైడు దగ్గర పెట్టుకోవచ్చు. అరగంటలో ఒక ఉత్తరం, అందులో ఒక పట్టిక, తప్పుల్లేకుండా అచ్చు తీసి ఇవ్వాలి. ఇవ్వలేనివాళ్ళని ఊరి చివర ఉన్న పాత రికార్డుల గోడౌనుకి మారుస్తారు.

మా గదిలో టైపిస్టు ఒక్కరే. అందరం టైపు అక్కయ్య అనేవాళ్ళం. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒకే టైపు మిషను. ఆవిడ వేగం అందుకున్నప్పుడు మిషను అంటుకుంటుందేమోనని వాచ్‌మన్ నీళ్ళ బకెట్టు దగ్గర పెట్టుకునేవాడని చెప్పుకునేవాళ్ళం. అలాంటి వేళ్ళు కంప్యూటర్ ముందు, కొత్తచోటికి వచ్చిన చుట్టాల్లా, ఒక్కో అడుగే ఆగి ఆగి వేసేవి. ఎవర్నైనా అడగచ్చు కదా అంటే, అడగదు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఇద్దరు ఆఫీసర్లయ్యారు. ఇప్పుడు ఈ వయసులో చెయ్యెత్తి నాకు రాదని చెప్పడం ఆవిడ వల్ల కాలేదు. తప్పు జరిగినప్పుడల్లా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తెర వైపు చూస్తూ ఊరుకునేది. గోడౌనులో కిటికీ లేదు, మనుషుల్లేరు, టైపు చెయ్యాల్సిన ఉత్తరం ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు.

రెండో కంప్యూటర్ బాబాయిగారి బల్ల ఎక్కింది. ఎక్కిన రోజే ఆయన బల్లని ఈడ్చుకుంటూ వెళ్ళి, గోడవారనున్న అద్దాల బీరువాకి ఎదురుగా వేసుకున్నారు.

"అదేమిటి బాబాయిగారూ, గోడకేసి కూర్చున్నారు?" అన్నాను.

"కిటికీ వెలుతురు కళ్ళలో పడుతోందోయ్."

పదకొండేళ్ళుగా ఆ కిటికీ కింద పడుకుని కునుకు తీసిన మనిషి! నవ్వి ఊరుకున్నాను.

మర్నాటి నుంచి మొదలైంది. వారానికి మూడు రోజులు పెద్దాఫీసు నుంచి కంప్యూటర్ నేర్పే అమ్మాయి వచ్చేది. ఆమె గదిలో అడుగుపెట్టిన పది నిమిషాలకి బాబాయిగారి కేక వినిపించేది.

"పాడైంది!"

"ఏమైంది సార్?"

"ఒక అక్షరం కొడుతుంటే పక్క అక్షరాన్ని మింగేస్తోందమ్మాయ్. ఇక పుస్తకం ఏమంటుందో చూద్దాం."

పుస్తకం ఏమీ అనేది కాదు. 'మింగడం' అని వెతికితే ఉండదు కదా. అరగంట వెతికాక ఆ అమ్మాయే వచ్చి చెప్పేది. "ఈ మీట పొరపాటున నొక్కారు సార్. మళ్ళీ ఒకసారి నొక్కితే సరిపోతుంది."

"గట్టిగా చెప్పమ్మా. నాకు చెవులు సరిగ్గా వినిపించవు."

క్యాంటీన్‌లో చెంచా కింద పడితే మేడ మీదనుంచి వినే చెవులు అవి. ఆ అమ్మాయి పాపం, గోడలు అదిరేలా మళ్ళీ చెప్పేది. ఆయన అంతా నోటుపుస్తకంలో రాసుకునేవారు. తప్పు నంబరు, జరిగిన తీరు, గైడులో పేజీ.

ఉత్తరం మొత్తం మాయం చేశారు. ఒక నోటీసు మీద ఇంకో నోటీసు దాచి మొదటిదాన్ని మట్టుపెట్టారు. శీర్షిక మధ్యకి రావాలని ఖాళీలు లెక్కపెట్టుకుంటూ నలభైసార్లు మీట కొట్టారు. ప్రతి లైను చివరా ఆగి, ఎడమ చెయ్యి గాలిలోకి లేపి, ఏదో తోస్తున్నట్టు కుడివైపుకి ఊపేవారు. ఒకరోజు ఆ చెయ్యి తగిలి, పక్కగా వెళ్తున్న నా చేతిలోని మంచినీళ్ళ గ్లాసు కింద పడింది. గది గదంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. టైపు అక్కయ్య మాత్రం తల దించుకుని తన పని తను చేసుకునేది.

నాలుగో వారంలో ఇరవై తొమ్మిదో తప్పు జరిగింది. గ్లాసెడు టీ కీబోర్డు మీద ఒలికిపోయింది. అది చిన్నగా బుసకొట్టి ఊరుకుంది. బాబాయిగారు 'పాడైంది' అన్నారు కానీ, ఎప్పుడూ ఉండే గాంభీర్యం ఆ గొంతులో లేదు.

సూపరింటెండెంటుగారు మెమో చేత్తో పట్టుకునే వచ్చారు. "గైడుని పరీక్షించమన్నాను బాబాయిగారూ, ఆఫీసుని కాదు. రేపట్నుంచి మీరు దాన్ని ముట్టుకోవద్దు."

బాబాయిగారు ఎవర్నీ బతిమాలగా నేను చూడలేదు. ఆరోజు చూశాను. "మెమో ఇవ్వండి సార్, సంతకం పెడతాను. కంప్యూటర్ మాత్రం ఇంకో రెండు వారాలు ఉంచండి. ఇంకా చెయ్యాల్సిన తప్పులు మిగిలాయి." అంటూ ఆయన వెనకాలే గదిలోకి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ నోటుపుస్తకం నా చేతిలో పెట్టి, శుభ్రంగా తిరగరాయమన్నారు.

ఆయన కుర్చీలోనే కూర్చుని రాయడం మొదలుపెట్టాను. పదిహేడో తప్పు దగ్గర కలం ఆగింది. "లైను చివర గంట మోగుతుందేమోనని ఎదురుచూడడం. మోగకపోయేసరికి చెయ్యి దానంతటదే పక్కకి లేస్తుంది."

లైను చివర గంట మోగేది టైపు మిషనుకి. మోగగానే దాని పైభాగాన్ని ఎడమచేత్తో పక్కకి తొయ్యాలి. బాబాయిగారు జన్మలో టైపు మిషను ముట్టుకోలేదు. ఒంటివేలితో అక్షరం వెతుక్కుని పొడిచే మనిషి, గంట కోసం ఎందుకు ఎదురుచూస్తారు?

తల ఎత్తాను. ఎదురుగా బీరువా అద్దంలో, నా వెనక కూర్చున్న టైపు అక్కయ్య బల్ల, ఆవిడ తెర, చేతులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆవిడ లైను పూర్తిచేసింది. ఒక్క క్షణం ఆగింది. ఎడమ చెయ్యి గాలిలోకి లేచి, లేని మిషనుని తొయ్యబోయి, సిగ్గుపడినట్టు మళ్ళీ ఒళ్ళోకి దిగిపోయింది.

నాకు తల తీసేసినట్టయింది. నాలుగు వారాలుగా నేను పగలబడి నవ్వింది ఎవర్ని చూసి?

బాబాయిగారు మెమోతో తిరిగొచ్చారు. రెండు వారాల గడువు, మారు కీబోర్డు కూడా తెచ్చుకున్నారు. వరండాలోకి తీసుకెళ్ళి అడిగేశాను.

"ఈ తప్పులన్నీ అక్కయ్యవి కదూ?"

"నా అంతట నేనైతే దాన్ని వెలిగించడం దగ్గరే ఆగిపోతానోయ్. ఆ ఒక్క తప్పుతో ఆరువందల పేజీల పుస్తకాన్ని ఎలా పరీక్షిస్తాను? పక్కవాళ్ళవి వాడుకోక తప్పలేదు."

"మరి అందరిలో నవ్వులపాలు కావడం ఎందుకు?"

"నేను అడిగితే వినోదం. ఆవిడ అడిగితే ముప్ఫై ఒక్క ఏళ్ళ పరువు."

"ఆవిడకి తెలుసా?"

ఆయన కళ్ళజోడు కిందికి దించారు. "నువ్వు చెప్పావంటే, నిన్ను పాడుచేసి పుస్తకం ఏమంటుందో చూస్తాను."

ఆ రెండు వారాలూ నేనూ సాయంపట్టాను. నాకూ చెవుడొచ్చింది. అందుకని ఆ అమ్మాయి ప్రతిదీ మూడేసిసార్లు అరవాల్సి వచ్చింది. ఆరో వారం చివరికి గొంతు పూర్తిగా పోయి, సెలవు పెట్టింది.

బాబాయిగారి అభిప్రాయం అరపేజీయే. "ఈ గైడు తెలిసినవాళ్ళకి చాలా ఉపయోగం. తెలియనివాళ్ళకి, తమకి వచ్చిన కష్టాన్ని ఈ పుస్తకంలో ఏ పేరుతో పిలుస్తారో తెలియదు. పేరు తెలియనిదాన్ని ఎక్కడని వెతుకుతారు? కనుక చివర ఆరు కాగితాలు అతికించాను. అవి కలిపితేనే ఈ పుస్తకం కొనదగినది." ఆ కాగితాల్లో మనుషులు అనే మాటలే ఉన్నాయి. 'నా ఉత్తరం ఎటు పోయింది', ఎనభై ఎనిమిదో పేజీ. 'అక్షరాలు మింగేస్తోంది', రెండువందల పన్నెండు. 'గంట మోగడం లేదు', ముప్ఫై ఒకటి.

పరీక్ష రోజున పెద్దాఫీసు నుంచి ఒకాయన వచ్చి, గడియారం బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. మేమంతా గుమ్మం దగ్గర గుంపుగా నిలబడ్డాం. టైపు అక్కయ్య ఉత్తరం పూర్తిచేసింది. పట్టిక గీసింది. ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయనగా ఒక మాట దిద్దబోయి ఆగిపోయింది. కొట్టిన ప్రతి అక్షరం పక్క అక్షరాన్ని మింగేస్తోంది. పట్టికలో ఒక్కో అంకే కరిగిపోతోంది.

రెండు చేతులూ ఒళ్ళోకి వెళ్ళిపోయాయి. బాబాయిగారు గుమ్మం చెక్కని గట్టిగా పట్టుకున్నారు.

అప్పుడావిడ ఎడమ చెయ్యి లేచింది. ఈసారి గాలిని తొయ్యలేదు, గైడుని దగ్గరికి లాక్కుంది. నేరుగా చివరి కాగితాలు తెరిచింది. వేలు వరసలమ్మట దిగి ఒకచోట ఆగింది. రెండువందల పన్నెండో పేజీ తిప్పి, ఒకే ఒక్క మీట నొక్కింది. పోయిన అంకెలు మళ్ళీ వేసుకుని, నాలుగు నిమిషాలు మిగిలుండగా కాగితం అచ్చు తీసి ఇచ్చింది. పెద్దాఫీసు ఆయన రెండుసార్లు వెతికాడు. తప్పు దొరకలేదు. గోడౌను మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆయన వెళ్ళాక టైపు అక్కయ్య గైడు పట్టుకుని బాబాయిగారి బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబాయిగారూ, మీ చిట్టా మొత్తం చదివాను. నలభై ఏడు తప్పులు."

"అవునమ్మా. నా చేతులు అంత మంచివి కావు."

"నేను తప్పు చేసిన పది నిమిషాలకి మీరూ సరిగ్గా అదే తప్పు చేస్తుంటే, ఆరు వారాలపాటు తెలుసుకోకుండా ఉండడానికి నేనేం మొద్దునా?"

బాబాయిగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆ కళ్ళజోడు అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

"నలభై ఆరు నావే, ఒప్పుకుంటాను" అందావిడ. "కానీ ఆ ఇరవై తొమ్మిదోది మాత్రం నాది కాదు. టీ నేను ఒలకబొయ్యలేదు. అది అచ్చంగా మీదే."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "అవును, అది నాదే" అన్నారు.

"మరి దానికి పుస్తకం ఏమంది?"

"ఏమీ అనలేదమ్మా. టీ గురించి ఆరువందల నలభై పేజీల్లో ఒక్క ముక్క లేదు."

మర్నాడు బాబాయిగారు బల్లని ఈడ్చుకొచ్చి మళ్ళీ నా ఎదురుగా, కిటికీ కిందే వేసుకున్నారు. టైపు అక్కయ్య క్యాంటీన్ నుంచి రెండు గ్లాసుల టీ తెచ్చింది. ఒకటి తను తీసుకుని, రెండోది ఆయన బల్ల మీద, కీబోర్డుకి మూరెడు దూరంలో, చెయ్యి ఎంత చాపినా తగలని చోట పెట్టి వెళ్ళింది.