అన్న బండికి కొత్త ఇంజిన్

మా అన్న పోయి తొమ్మిది నెలలైంది. అతని ఫోన్ వదిన దగ్గర ఉంది. అందులో మేమిద్దరం ఆడిన ఆట ఒకటుంది. తాటిచెట్టంత ఇనుప యంత్రాలు మనిషిలా రెండు కాళ్ళ మీద నడుస్తాయి, లోపల కూర్చుని మనం నడపాలి. ఆడేవాళ్ళు వాటిని మెక్ అంటారు. అన్న మాత్రం బండి అనేవాడు.

అతను పడవ ఇంజిన్లు బాగుచేసేవాడు. నౌపడ దాటాక సముద్రం వైపు మా ఊరు. నేను నరసన్నపేటలో పాఠాలు చెబుతాను, ఆదివారాలు ఊరికి వెళ్ళి సాయంత్రం ఆఖరి బస్సుకు తిరిగి వస్తాను. ఆటలోకి కొత్త సామాను వస్తే ఇద్దరం నడిపి చూసేవాళ్ళం. అతను చెబితే నేను రాసి ఆడేవాళ్ళ గ్రూపులో పెట్టేవాణ్ణి.

"ఉన్నదున్నట్టు రాయరా. సదివినోడు మోసపోకూడదు," అనేవాడు.

తన బండి ఇంజిన్‌ను అన్న నెలల తరబడి చెవితో విని సవరించుకున్నాడు. మొదట ఆగి ఆగి కొట్టుకుని, తర్వాత ఒక్క ఊపున అందుకునేది. అతను పోయాక ప్రతి ఆదివారం నేను ఆ బండిని కాసేపు నడుపుతూ వచ్చాను. వదిన పక్కన కూర్చుని చేపలు కోసుకునేది. తెర వైపు చూసేది కాదు. చప్పుడు వినేది. నేనూ అందుకే వెళ్ళేవాణ్ణి.

కిందటి నెల ఆటలోకి కొత్త ఇంజిన్ వచ్చింది. ఎలా ఉందో రాయమని గ్రూపులో అడిగారు. బిగించమంటావా అని వదినను అడిగాను.

"మీ అన్నుంటే బిగించకుండా ఉండునా? బిగించు. బాగోకపోతే మళ్ళా పాతదే ఎట్టుకుందుం."

మా ఊళ్ళో పడవకు కొత్త ఇంజిన్ వేస్తే పాతదాన్ని వెంటనే ఎవరూ అమ్మరు. కొత్తది నాలుగు వేటలకు వెళ్ళి వచ్చేదాకా గోనె కప్పి పాకలో ఉంచుతారు. మా ఇద్దరి మనసులోనూ ఆ పాకే ఉంది. బిగించబోతే తెర మీద నాలుగు పేరాల ఇంగ్లీషు వచ్చింది. చదవడం, చదివించడం నా ఉద్యోగం. ఆ నాలుగు పేరాలూ చదవకుండా సరే అని నొక్కాను.

కొత్త ఇంజిన్ బాగాలేదు. చదును నేల మీద వేగం కాస్త పెరిగింది, బరువు అంతకంటే ఎక్కువ పెరిగింది. మెట్ట ఎక్కిస్తే సగంలో వేడెక్కి ఆగిపోతుంది. పాతది నడుంలోతు నీళ్ళు దాటేది. ఇది మోకాళ్ళలోతుకే మొరాయిస్తుంది. చప్పుడు మిక్సీ చప్పుడులా ఒకే తీరు.

వదిన చేప కోయడం ఆపింది.

"ఏటి, ఇలగ అరుస్తన్నాది?"

"కొత్తది కదా."

"తీసీ. పాతది ఎట్టు."

వెతికాను, కనబడలేదు. అప్పుడు ఆ పేరాలు మళ్ళీ తెరిచి చదివాను. కొత్తది బిగిస్తే పాతది దాని సవరింపులతో సహా తొలగిపోతుందని నాలుగో పేరాలో ఉంది.

"పాతది లేదు వదినా."

"లేకపోడమేటి? ఎవులట్టుకెళ్ళారు?"

"ఎవరూ పట్టుకెళ్ళలేదు. ఇది బిగిస్తే అది ఉండదట."

"మనది మనకి సెప్పకుండా తీసేత్తారా?"

"చెప్పారు. నేను చదవలేదు."

"ఇన్ని పుస్తకాలు సదివినావు మరిదీ," అంది. గొంతు పెంచలేదు.

ఆట నడిపేవాళ్ళకు ఉత్తరం రాశాను. చింతిస్తున్నామని, తిరిగి ఇవ్వడం కుదరదని జవాబు వచ్చింది. కొత్తదాన్నే అన్నలా సవరించబోయాను. అరగంటకే నా చేతిలో పని కాదని తెలిసింది. అతను చెప్పినవన్నీ రాశాను గానీ, అతని బండి కొలతలు ఒక్కసారీ రాసి పెట్టుకోలేదు. ఎదురుగా మనిషి ఉండగా ఆ అవసరం తోచలేదు.

గ్రూపులో బరువు గురించి, వేడి గురించి, నీళ్ళ గురించి రాశాను. పాతది తిరిగి రాదని మొదటి వాక్యంలోనే పెట్టాను. చాలామంది మంచి పని చేశారన్నారు. ఒకతను మాత్రం, మరి మీరెందుకు బిగించారు అని అడిగాడు.

ఈ ఆదివారం కూడా వెళ్ళాను. వదిన ఫోన్ తెచ్చివ్వలేదు. నేనూ అడగలేదు. అన్నం పెట్టింది. తిన్నాక, మధ్యాహ్నం బస్సు ఉందా అని అడిగింది. ఉందన్నాను.