మా దండెం మీద పీఠం బట్టలు

మా అత్త దేవుణ్ణి అడిగినవి ఎక్కువ లేవు. కొడుకు తాగకుండా ఉండాలని అడిగింది, అది సగమే తీరింది. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ పని దొరకాలని అడిగింది, అది తీరింది. మూడోది, గుడిలో పీఠం మీది బట్టలు మన ఇంట్లో ఉతకాలని. అదీ తీరింది. తీరి మూడు నెలలు ఉండి, ఒక ఆదివారం పొద్దున పోయింది. అది పోవడంలో నా పాలు ఎంతో నాకు తెలుసు. పాపసంకీర్తనంలో ఫాదర్ గారికి కూడా చెప్పలేదు.

మాది గుంటూరుకి బస్సులో గంట దూరం. చుట్టూ పత్తి, మిరప. ఊరికంతటికీ ఒకటే కతోలిక గుడి. పెద్దవీధి వాళ్ళూ వస్తారు, ఊరి చివర పల్లె నుంచి మేమూ వస్తాం. మా తాతలకీ వాళ్ళ తాతలకీ జ్ఞానస్నానం ఇచ్చింది ఒకే ఫాదర్ గారని చెబుతారు. అయినా ముందు కుర్చీలు వాళ్ళవి, వెనక చాపలు మావి. అట్లా కూర్చోమని ఎవరూ రాసి పెట్టలేదు. ఇప్పుడు చాపలు పోయి బెంచీలు వచ్చాయి. అలవాటు బెంచీల మీదికి కూడా ఎక్కింది.

పీఠం బట్టలంటే ఫాదర్ గారు పూజ చేసే పీఠం మీద పరిచే తెల్లటి గుడ్డలు, ఫాదర్ గారు చేతులు తుడుచుకునే తువ్వాలు, ద్రాక్షారసం తాగాక పెదవులూ పాత్రా తుడిచే చిన్న గుడ్డలు. వీటిని వారం వారం ఉతికి, ఇస్త్రీ చేసి తేవాలి. పాతికేళ్ళ పైబడి అవి పెద్దవీధిలో ఒక అమ్మగారింట్లోనే ఉన్నాయి. ఆవిడది ఆరెకరాల మిరప తోట, రెండంతస్తుల మేడ. సన్నటి బంగారు జపమాల చేతిలో లేకుండా బయట కనపడదు.

నాలుగేళ్ళ కిందట క్రిస్మస్ దాటాక కొత్త ఫాదర్ గారు వచ్చారు. కుర్రాయన. ఇకనుంచి ఈ సేవ వంతులవారీగా అన్ని కుటుంబాలూ చెయ్యాలి, ముందు ఎవరు చేస్తారని పూజ అయ్యాక అడిగారు. ముందు వరసలు కదల్లేదు. వెనకనుంచి మా అత్త లేచి నిలబడింది. నేను కొంగు పట్టుకుని లాగాను, కూర్చోలేదు. అమ్మగారు వెనక్కి తిరిగి చూసి నవ్వింది.

"ఇవ్వండి ఫాదర్. నాకూ మోకాళ్ళ నొప్పులు. చూద్దాం."

కాన్వెంటు సిస్టర్ గారు వచ్చి పద్ధతి నేర్పారు. చిన్న గుడ్డల్ని ముందు విడిగా నీళ్ళల్లో జాడించాలి. ద్రాక్షారసం కలిసిన ఆ మొదటి నీళ్ళు కాలవలో పోయకూడదు, మనుషులు తొక్కని చోట మొక్క మొదట్లో పొయ్యాలి. మా అత్త కొత్త బకెట్ కొనిపించింది, కొత్త తాడు కొనిపించి వేరే దండెం కట్టించింది. ఆ దండెం మీద మా లంగా ఒక్కటి పడినా ఊరుకునేది కాదు. మా అమ్మాయి అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. "నానమ్మా, నీకు బ్యాంకులో ఉద్యోగం వచ్చినా ఇంత చెయ్యవు" అనేది.

మా ఇంట్లో ఇంకో కట్టుబాటు కూడా పెట్టుకున్నాం. శుక్రవారం నుంచి ఆదివారం పూజ అయ్యేదాకా అత్త మిరపకాయ ముట్టకూడదు. ఆ పని తెలియని వాళ్ళకి ఇది చెప్పాలి. కాయలకి తొడిమలు తీస్తే ఆ ఘాటు చేతులకి నూనెలా పడుతుంది. సబ్బు పెట్టినా పోదు, మర్నాటికీ ఉంటుంది. కళ్ళు నలుపుకోలేం. తలలో దురద పుడితే గోడకి రుద్దుకుంటాం. మా అమ్మాయి పసిగుడ్డుగా ఉన్నప్పుడు నేను మోచేతులతో ఎత్తుకునేదాన్ని, వేళ్ళు తగలకుండా.

ఈస్టరు పండక్కి ముందు వారం మ్రానికొమ్మల ఆదివారం వచ్చింది. గుంటూరు వెళ్ళి పండగ బట్టలు తెచ్చుకోవాలి. మా ఆయన శుక్రవారం ఆటోలో ఒక రైతువి రెండు టిక్కీలు, అంటే రెండు పెద్ద బస్తాల కాయలు తెచ్చి వాకిట్లో దించాడు. సోమవారం పొద్దున్నకి తొడిమలు తీసి ఇవ్వాలన్నాడు. ఆటో ఆయనదే, తొడిమలు మావి.

శనివారం తెల్లారకముందే అత్త బట్టలు ఉతికి ఆరేసింది. నేను పశువుల దొడ్డి బాగుచేసుకుని, వంట చేసి, గిన్నెలు తోముకుని, అమ్మాయితో కలిసి కాయలు బరకం మీద పరిచాను. పదిగంటల బస్సు ఎక్కాం. ఎక్కేముందు చెప్పాను.

"అత్తా, కోళ్ళు రాకుండా చూడు. కాయలు మాత్రం ముట్టుకోవాకు."

"నాకు చెప్తున్నావా?" అంది.

గుంటూరులో ఆ శనివారం కాలు పెట్టే సందు లేదు. బట్టల కొట్లో మా అమ్మాయి మెరుపుల డ్రెస్సు ఒకటి పట్టుకుని వదలదు.

"ఇది గుడికి వేసుకునేదా, పెళ్ళికి వేసుకునేదా?" అన్నాను.

"గుడికే. అందరూ చూసేది అక్కడేగా."

నేను అత్తకి తెల్లచీర ఒకటి విప్పి చూస్తుంటే కొట్టు కుర్రాడు రెండు తుమ్ములు తుమ్మాడు. "మిరపకాయల పనికి వెళ్తారా అక్కా? మీరు చూపించండి, నేను విప్పుతా" అన్నాడు. తప్పుగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆ చీరే తీసుకున్నాం. చెప్పులు, కొబ్బరినూనె, పండక్కి సేమ్యా, ఇంటికి చీపురు కొన్నాం. బస్టాండులో చీపురు ఎవరు పట్టుకోవాలని అమ్మాయికీ నాకూ తగువు.

తిరుగు బస్సులో ఉండగానే మబ్బు పట్టింది. కాయలు వాకిట్లో ఉన్నాయి. తడిస్తే బూజు పడతాయి, ఆ రైతు మళ్ళీ మాకు పని ఇవ్వడు. బస్సు దిగి ఇద్దరం పరిగెత్తాం. ఇంటికి చేరేసరికి వాన రానే లేదు, గాలొచ్చి పోయింది. వాకిట్లో బరకం లేదు. కాయలు లోపల గది మూలన కుప్పగా ఉన్నాయి. మంచం మీద పీఠం బట్టలు మడతలు పెట్టి ఉన్నాయి. పక్కన అత్త చెమటలు తుడుచుకుంటూ కూర్చుంది.

"ఎవరు తెచ్చారు అత్తా లోపలికి?"

"నేనే. వీధిలో ఒక్కరూ లేరు, అంతా గుంటూరు పోయారుగా. మబ్బు చూస్తే బెదురు పుట్టింది."

"చేత్తోనే?"

"చేటతో ఎత్తా. చేటలోకి చేత్తోనేగా తొయ్యాలి."

"మరి బట్టలు?"

"సబ్బు పెట్టి మూడుసార్లు కడిగానే. మజ్జిగ కూడా పోసుకున్నా. కరెంటు పోయేలోపు ఇస్త్రీ కూడా అయింది." ఆమె ముఖంలో భయం లేదు, రెండు పనులూ గట్టెక్కించానన్న సంతోషమే ఉంది.

ఆమె నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళినప్పుడు నేను పైనున్న చిన్న గుడ్డ తీసి పెదవికి ఆనించాను. సన్నగా చురుక్కుమంది. కాయల కాలమంతా ఘాటులో ఉండే పెదవి నాది, మండకుండా ఎప్పుడుంది? ఇది గుడ్డ మంటో, నా వేళ్ళ మంటో, పాత మంటో ఎవరు చెప్పగలరని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అమ్మాయిని పిలిచి దాని పెదవికి ఆనించి చూడమనవచ్చు. పిలవలేదు. మండుతుందని అది అంటే అన్నీ మళ్ళీ నానబెట్టాలి, ఆరాలి, కరెంటు రావాలి, ఇస్త్రీ చెయ్యాలి. పొయ్యి మీద ఇంకా ఎసరు పెట్టలేదు. కాయలు గదినిండా ఉన్నాయి. గుడ్డ మళ్ళీ మడత పెట్టి, తువ్వాల్లో మూట కట్టేశాను.

మ్రానికొమ్మల ఆదివారం రానివాళ్ళు కూడా గుడికి వస్తారు. ఈతమట్టలు పట్టుకుని పెద్దవీధి చుట్టూ తిరిగి, పాడుకుంటూ లోపలికి వెళ్ళాం. అత్త కొత్తచీర పండగదాకా ఆగలేక అప్పుడే కట్టింది. పీఠం మీద గుడ్డ మడత గీతలు తిన్నగా ఉన్నాయో లేవో అని మెడ చాచి చూస్తోంది.

ఫాదర్ గారు ద్రాక్షారసం తాగి పెదవులు తుడుచుకున్నారు. ఒక్కక్షణం ఆగారు. మళ్ళీ తుడుచుకున్నారు. చెమట పట్టిందేమో, అదే గుడ్డతో కళ్ళు కూడా అద్దుకున్నారు. ఇక ఆపుకోలేకపోయారు. రెండు కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, మాట రావడం లేదు. అంతకుముందే ప్రభువు సిలువ మీద పడిన పాట్లు చదివారు కాబట్టి జనం ఆయన అందుకే ఏడుస్తున్నారనుకున్నారు. నా వెనక బెంచీలో ఒక ముసలమ్మ "ఎంత భక్తో" అని తానూ ఏడ్చింది. మా అత్త కూడా కళ్ళొత్తుకుంది. నేను ఒక్కదాన్నే తల వంచుకున్నాను.

పూజ అయ్యాక గుడి పనులు చూసే ఉపదేశి గారు వచ్చి మమ్మల్ని గుడి వెనక గదిలోకి పిలిచారు. ఫాదర్ గారు కళ్ళు కడుక్కుని కూర్చుని ఉన్నారు, పెదవి ఉబ్బి ఉంది. అమ్మగారు మాకంటే ముందే అక్కడ ఉంది. చిన్న గుడ్డని రెండు వేళ్ళతో పట్టుకుని వాసన చూసింది.

"మిరపకాయ. పాతికేళ్ళు మా ఇంట్లో ఉన్నాయి ఫాదర్, ఒక్కనాడు ఇట్టా అయిందా? పొలంలో పనిచేసే చేతులు వేరు, పీఠం బట్టలు ముట్టే చేతులు వేరు. నేను ఆరోజే అందామనుకున్నా, నన్ను చెడ్డదాన్ననుకుంటారని ఊరుకున్నా."

"తెలియక జరిగిందిలేండమ్మా" అన్నారు ఫాదర్ గారు.

మా అత్త చేతులు కట్టుకుంది. "తప్పు నాదే ఫాదర్ గారూ. వానొస్తుందని కాయలు లోపలేశా. కడుక్కున్నా, పోయిందనుకున్నా."

మా ఆయన గుమ్మం దగ్గరనుంచి అందుకున్నాడు. "ముసల్దానికి ఎందుకండీ ఇయ్యన్నీ. చెప్తే వినదు."

నేను అక్కడే ఉన్నాను. చేతిలో ఈతమట్ట ఉంది, దాని ఆకులు ఒక్కొక్కటే చీల్చుతున్నాను. రాత్రి పెదవికి ఆనించి చూశానని, చూసి కూడా కట్టేశానని ఒక్క మాట చాలు. సగం బరువు ఆమె మీద నుంచి దిగేది. నోరు తెరవలేదు. అమ్మగారు నా వంక చూస్తే ఎలా ఉంటుందో అనే భయం, అంతే.

"పండగ వారం పని ఎక్కువ కదమ్మా. ప్రస్తుతానికి అమ్మగారింట్లోనే ఉండనిద్దాం" అన్నారు ఫాదర్ గారు. ఆ ప్రస్తుతానికి నాలుగేళ్ళయింది. ఆ ఫాదర్ గారు వేరే ఊరి గుడికి వెళ్ళిపోయారు కూడా.

ఆ ఆదివారం అత్త అన్నం తినలేదు. పెరట్లో కూర్చుని చింతపండు పెట్టి చేతులు తోముకుంది, వేళ్ళ సందులు ఎర్రబడేదాకా. మర్నాడు మేం తొడిమలు తీస్తుంటే వచ్చి పక్కన కూర్చుని ఒళ్ళో కాయలు పోసుకుంది.

పండగ దాటాక కుళాయి దగ్గర మా పక్కింటామె కలిసింది. నన్ను వదినా అంటుంది. అమ్మగారింట్లో ఎప్పటినుంచో పని చేస్తోంది.

"వదినా, మళ్ళీ నా నెత్తినే పడ్డాయి కదా ఆ బట్టలు" అంది.

"నీ నెత్తినా?"

"ఇన్నేళ్ళూ ఎవరు ఉతికారనుకున్నావు? ఆవిడా? ఆవిడ రవికె కూడా ఉతుక్కోదు."

"మరి నువ్వూ కాయల్లో పనిచేసే మనిషివేగా. ఒక్కసారి కూడా మండలేదే?"

"ఆరిన గుడ్డ నన్ను ముట్టుకోనిస్తేగా మండేది. తడిది ఉతికి ఆరెయ్యడం వరకే నాది. ఆరినాక తీసి మడత పెట్టేది ఆవిడ."

బిందె నిండి పొర్లిపోతోంది. నేను చూడలేదు. ఈ మాట అత్తకి చెబితే ఇంకా చిన్నబుచ్చుకుంటుందని చెప్పలేదు.

మొన్న ఎండల్లో ఆ పక్కింటామె కూతురి పురిటికి అద్దంకి వెళ్ళింది. శనివారం మధ్యాహ్నం అమ్మగారు నాకు ఫోన్ చేసింది.

"ఏమ్మా, మీ అత్తని ఒకసారి పంపు. బాగా ఉతుకుతుందిగా. వెనక గేటు తీసే ఉంటుంది."

కనుక్కుని చెబుతానని పెట్టేశాను. అత్తకి విషయం చెప్పి, వెళ్ళకుండా ఆపాలని, ఇన్నేళ్ళూ ఆ బట్టలు ఉతికింది ఎవరో అప్పుడు బయటపెట్టాను.

"నాకు తెలీదనుకున్నావా?" అంది అత్త. "తెలుసు గనకనేగా మన ఇంట్లో ఉతకాలనుకుంది. మన దండెం మీద ఆరాలి, మన చేత్తో మడత పెట్టాలి. తడి గుడ్డలదేముంది, ఎవరైనా ఉతుకుతారు." గుమ్మం దాకా వచ్చి అంది, "ఆరినాక మడత కూడా నన్నే పెట్టనిస్తే వస్తానని చెప్పు. లేకపోతే రానని చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

ఫోన్ మళ్ళీ మోగింది. అత్త గుమ్మానికి ఆనుకుని నా నోటి వంకే చూస్తోంది.

"అమ్మగారూ," అన్నాను, "మా అత్తకి ఒంట్లో బాగోలేదండీ. లేవలేకపోతోంది. ఏమీ అనుకోకండి."

"అయ్యో, సరేలే. పెద్దదైంది కదా" అని పెట్టేసింది.

అత్త అక్కడే నిలబడి ఉంది.

"నాకేం రోగమే?" అని అడిగింది.

అన్నం వార్చాలని చెప్పి నేను లోపలికి వచ్చేశాను.