ముప్పై రెండు దాటితే

ఎనభైల చివర మెల్‌బోర్న్ పడమటి పేటల్లో నేనున్న చెక్క ఇంట్లో మేం ముగ్గురం: ఇంటి ఓనరు, ఆయన పెంచుకునే కొండచిలువ, నేను. మర్యాదల్లో కూడా అదే వరుస. పాముకి ముందుగది, నాకు వెనకగది. పాముకి ఫ్యాను, నాకు కిటికీ.

నేను యూనివర్సిటీలో పరిశోధన చేసేవాణ్ణి. వేడి ఒక వస్తువులోంచి ఇంకో వస్తువులోకి ఎలా పాకుతుందన్నది నా విషయం. ఓనరు రైళ్ళలో టికెట్లు చూసి రిటైరైన మనిషి. భార్య వెళ్ళిపోయింది. పాము ఉండిపోయింది. దానికి పనీ లేదు, పలకరింపూ లేదు. పదిహేను రోజులకో ఎలుకని మింగి చుట్ట చుట్టుకుని పడుకునేది. అంత నిశ్చింతైన బతుకు నేను మా డిపార్టుమెంటులో ఒకరిద్దరు ప్రొఫెసర్ల దగ్గర తప్ప ఎక్కడా చూడలేదు.

జనవరిలో ఆయన మూడు వారాలు సముద్రం ఒడ్డున క్యారవాన్‌బండిలో ఉండటానికి బయల్దేరాడు.

"మేట్, నాకు మిగిలింది ఇదొక్కటే. ఎండలు ముదురుతాయంటున్నారు. చూసుకోగలవా?"

"మాది రెంటచింతల" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. రేడియోలో ఎండల వార్త మొదలైతే మా రాష్ట్రంలో మొదట వినిపించేది మా ఊరి పేరేనని చెప్పాను. ఆయన మొహం తేటపడింది. ఎండని అంత బాగా ఎరిగిన మనిషి ఇంట్లో ఉండగా ఇక బెంగెందుకన్నాడు. అయినా రెండు పేజీల సూచనలు రాసి ఫ్రిజ్‌కి అంటించి వెళ్ళాడు. ఆదివారం బూత్‌లోంచి ఫోన్ చేస్తానన్నాడు.

ఆరో సూచన నాకు బాగా నచ్చింది. గది ముప్పై రెండు డిగ్రీలు దాటితే పాముపెట్టెలో వెచ్చదనానికి పెట్టిన దీపం ఆపాలట. ముప్పై అయిదు దాటితే పెట్టెని బాత్రూంలోకి మార్చి ఫ్యాను పెట్టాలట. మా ఊళ్ళో ముప్పై రెండంటే జనం చెవులకి మఫ్లర్లు వెతుక్కుంటారు. ఒక్కణ్ణే ఉన్నా పైకే నవ్వుకున్నాను. పాముకి లేని బాధ ఆయనకెందుకనుకుని, ఫ్యాను నా గదిలోకి తెచ్చుకున్నాను.

ఈ దేశస్థుల ఎండభయం గురించి అప్పటికే నాకు స్థిరమైన అభిప్రాయం ఉంది. థర్మామీటరు ముప్పై ఆరు చూపిస్తే చాలు, ముసలివాళ్ళు బయటికి రావద్దని రేడియోలో బతిమాలతారు. పక్కింటి ముసలావిడ మాత్రం ఆ మాట వినకుండా కంచె దగ్గరకొచ్చి నాకు సలహాలిచ్చేది.

"రేపు ఉత్తరం గాలి, నాయనా, ఎడారి వేడంతా మోసుకొస్తుంది. తొమ్మిదికల్లా అన్నీ మూసెయ్. బ్లైండ్లు దించు. ఆ పాము సంగతి చూడు."

"మాది..."

"మీ ఊరు నాకు తెలుసు. నువ్వు చెప్పని రోజేది? అక్కడ మీ ఇల్లు కూడా చెక్కలూ రేకులేనా?"

మాది గజం మందం రాతిగోడల ఇల్లు. ఆ గోడలు పొద్దుటి వేడిని సాయంత్రం దాకా లోపలికి రానివ్వవు. ఎందుకు రానివ్వవో సమీకరణాలతో సహా నిరూపించగలను. నా పరిశోధన అదే. ముసలావిడకి అవన్నీ ఏం చెబుతాంలే అని నవ్వి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున గాలి హాయిగా ఉందని కిటికీలన్నీ తెరిచి, దీపం వేసి, యూనికి వెళ్ళాను. మా ల్యాబులో ఏసీ ఉంది. రెండింటికి తిరిగొచ్చి తలుపు తీస్తే మొహానికి సెగ కొట్టినట్టయింది. మా ఊరి వడగాడ్పే. నాకంటే ముందొచ్చి ఇంట్లో కూర్చుంది.

పాము నీళ్ళగిన్నె బోర్లించేసింది. తలని పైనున్న జాలీకి నొక్కి నోరు తెరుచుకుని ఉంది. పెట్టెలో ముప్పై తొమ్మిది. పైన దీపం తన ధర్మం తాను నిర్వర్తిస్తూనే ఉంది.

దీపం ఆపి, నాకు తెలిసిన ఏకైక డాక్టరింటికి ఫోన్ చేశాను. కాకినాడవాళ్ళు. ఆయన భార్య ఎత్తారు.

"అక్కయ్యా, డాక్టరుగారున్నారా?"

"హాస్పిటల్లో ఉన్నారు. ఏమైందయ్యా, గొంతు అలా ఉందేంటి?"

"పాముకి వడదెబ్బ తగిలినట్టుందక్కయ్యా."



"నువ్వు నీడపట్టునే ఉన్నావా?"

"నాకు కాదు, మా ఓనరు పాముకి."

"ఆయన పిల్లల డాక్టరు."

"పిల్లలకి ఒళ్ళు కాలిపోతుంటే మీరేం చేస్తారు?"

"తడిగుడ్డతో తుడుస్తాం. దీన్నెవరు తుడుస్తారు, నువ్వా?"

అన్నారే గానీ పావుగంటలో ఐస్‌పెట్టెలో గడ్డకట్టిన నీళ్ళసీసాలు పెట్టుకుని కారులో వచ్చేశారు. గుమ్మం దాటనన్నారు. పాముపెట్టె ఒక్కడితో కదిలేది కాదని తేలాక దాటారు. "నేను కళ్ళు మూసుకుని పట్టుకుంటాను. దారి నువ్వు చెప్పు" అన్నారు. అలా నలుగురు మోయాల్సిన పెట్టెని ఒక కళ్ళు మూసుకున్న మనిషీ, ఒక బుద్ధి మూసుకున్న మనిషీ కలిసి బాత్రూం టైల్స్ మీదికి చేర్చారు.

సీసాలు లోపల పెట్టబోతే ఆపారు. "ఐసు ఒంటికి తగలకూడదు. పసిపిల్లలకైనా అంతే." తువ్వాళ్ళు చుట్టి, పెట్టెకి ఒక చివర బయట ఆనించాం. చల్లదనం చాలనుకుంటే అది రెండో చివరకి జరుగుతుంది. జాలీ మీద సగం దాకా తడిగుడ్డ, గిన్నెలో మామూలు చల్లనీళ్ళు. నా గదిలోంచి ఫ్యాను తెచ్చి దాని ముందు పెట్టాను. తెచ్చేటప్పుడు అక్కయ్యగారు ఫ్యానుని చూసి, నన్ను చూసి, మళ్ళీ తడిగుడ్డ సర్దారు. 

టబ్బు అంచు మీద కూర్చున్నాం. పాము కదల్లేదు. ఆవిడ వంటింట్లోకెళ్ళి మంచినీళ్ళతో పాటు ఫ్రిజ్ మీది కాగితాలు కూడా పట్టుకొచ్చారు.

"ముప్పై రెండు దాటితే ఆపమని ఇంత స్పష్టంగా రాశాడు కదయ్యా."

"మా ఊళ్ళో ముప్పై రెండంటే..."

"పెట్టెలో మీ ఊరిని పెట్టమని రాయలేదుగా. ఇంతకీ నువ్వు చదివేది వేడి గురించే కదూ?"

"అవునక్కయ్యా."

"ఎన్నేళ్ళయింది?"

"మూడు."

"ఊఁ" అన్నారు. మా పరిశోధన మీద అంత సంక్షిప్తమైన సమీక్ష మళ్ళీ నాకు దొరకలేదు.

నాలుగవుతుండగా పాము నోరు మూసింది. మెల్లగా గిన్నెలోకి జారింది. ఒక్కసారి నాలుక బయటపెట్టి లోపలికి లాక్కుంది.

"బతికింది. నిన్ను వెక్కిరిస్తోంది" అన్నారు.

ఆదివారం ఫోన్ మోగింది.

"ఎలా ఉంది?" అన్నాడు ఓనరు. నా గురించి కాదు.

"బాత్రూంలో ఉంది. బానే ఉంది. దీపం ఆపడం కొంచెం ఆలస్యమైంది."

"ఎంత?"

"నాలుగైదు గంటలు."

బూత్‌లో చిల్లర పడుతున్న చప్పుడు. వెనక సముద్రం హోరు.  తిట్టి ఉంటే నాకు చేతనైన జవాబేదో చెప్పేవాణ్ణి.

"నోరు తెరిచిందా?" అన్నాడు చివరికి. ఆయన గొంతు అంత చిన్నదని నాకు అప్పటిదాకా తెలియదు.

"తెరిచింది. ఇప్పుడు మూసుకుంది."

"నీకు ఎండ తెలుసన్నావు."

మా ఊరి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. బాత్రూం తలుపు సందులోంచి ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇక్కడిది తెలియదండీ" అన్నాను.