తాబేలు జమ చేసుకున్న లీవు

మా కంపెనీ క్వార్టర్ల వెనక, నీళ్ల ట్యాంకు పొర్లే చోట ఒక మడుగు ఉంది. అందులోని ఆడ తాబేలును ఆరేళ్లుగా చూస్తున్నాను. డొప్ప అంచు ఒకచోట విరిగి ఉంటుంది కాబట్టి పొరపడే వీలు లేదు.

వానలు పడ్డాక అది నత్తలు, చేపపిల్లలు తిని బలుస్తుంది. దసరా నాటికి వెనక కాళ్ల మొదట్లో కొవ్వు ఉబ్బి కనిపిస్తుంది. పక్క క్వార్టరులో ఉండే రిటైరైన కార్మికుడు దాన్ని చూసి, "గడ్డలు లేసినయి, పశువుల దవాఖానకు తీస్కపో" అన్నాడు. నలుగురిలో అన్నాడు. నాకు గుర్తుంది.

అవి గడ్డలు కావు. చలికి తిండి తగ్గినప్పుడు కొంత, ఎండలకు బురదలో కూరుకుపోయినప్పుడు మరికొంత, ఆ కొవ్వే దానికి ఆధారం. కదలకుండా ఉంటే నెలల తరబడి సరిపోతుంది. మిగిలింది గుడ్లలో పచ్చసొన అవుతుంది. ఏటా వానలు వెనకబట్టాక గట్టు మట్టిలో గుడ్లు పెట్టేది.

కిందటి ఎండాకాలం, నీళ్లు ఇంకిపోగానే, పూడిక తీస్తామని సూపర్‌వైజర్ వచ్చాడు. బురదలో తాబేలు ఉంది, వానలు పడేదాకా ఆగండని దరఖాస్తు రాసిచ్చాను. ఆయన దాన్ని కూలీలకు చదివి వినిపించి, నావైపు తిరిగాడు.

"ఏంది కాకా, తాబేలుకు లీవు శాంక్షన్ చెయ్యాల్నా?"

"అది సొంతంగ జమ చేసుకున్న లీవు. నువ్విచ్చేదేం లేదు" అన్నాను.

"మరి దాని మస్టర్ ఎవలు ఏస్తరు?" అన్నాడు పక్కింటాయన. మస్టర్‌లో హాజరు వేయించుకుంటూ బతికిన వాళ్లమే అందరం. అందరూ నవ్వారు.

మర్నాడే తవ్వారు. బురద ముద్దతోపాటు తాబేలు గట్టు మీద పడింది. సూపర్‌వైజర్ దాన్ని చేత్తో ఎత్తి చూశాడు.

"పొట్టు లెక్కున్నది. ఎప్పుడో సచ్చింది. ట్రాక్టర్ల ఎయ్యుండ్రి."

నేను ట్రాక్టరుకు అడ్డం నిలబడి తాబేలును తీసుకున్నాను. కొవ్వు కరిగి తొడల దగ్గర గుంటలు పడ్డాయి. వేలితో తాకితే కాలు మెల్లగా ముడుచుకుంది. తవ్వని మూలలో గుంత తీసి దాన్ని పెట్టి, తడి మట్టి కప్పాను. తాబేలు అక్కడ నిలవలేదు. రెండుసార్లు బయటికొచ్చి ఎండలో తిరిగింది. తిండి లేని రోజుల్లో ఆ నడకంతా కొవ్వు ఖర్చే.

వానలు పడ్డాక నీళ్ల మీద తల పైకెత్తి తేలింది. ఆ ఏడు మాత్రం గుడ్లు పెట్టలేదు.

"బతికింది గద కాకా, ఇంక ఏం ఫికర్?" అన్నాడు సూపర్‌వైజర్.

గుడ్ల సంగతి మీద ఇంకో దరఖాస్తు రాసిచ్చాను. తాబేలు చావలేదన్న మాట కూడా దాచకుండా రాశాను. జవాబు రాలేదు.